తప్పొప్పుల పట్టిక

చిక్కడపల్లి సందులో మిర్చిబండి వెనక మెట్లెక్కితే
మా ప్రెస్సు.
నా బల్ల మీద సుంకర వైకుంఠరావు మాస్టారి పుస్తకం,
మొదటిసారి ఆకాశం చూసేవాళ్ల కోసం,
నూట పన్నెండు పేజీలు, ప్రూఫు కాగితం ఇంకా వెచ్చగా.

నా పని అక్షరాల వరకే.
దీర్ఘం జారితే పట్టుకోవాలి, వత్తు ఊడితే అతికించాలి.
ఆకాశం సంగతి నీకెందుకమ్మా అన్నారు యజమాని.

కానీ తొమ్మిదో పేజీలో
వేసవి ఎందుకొస్తుందో రాశారాయన:
భూమి సూర్యుడికి దగ్గరవుతుంది కనక.
ఆ వేళ జనవరి మూడో తారీఖు.
ఏడాది మొత్తంలో భూమి సూర్యుడికి
అతి దగ్గరగా జరిగే వారం.
స్వెట్టరు మీద శాలువా కప్పుకుని
గడ్డకట్టిన ఎర్రపెన్ను మొనకి ఊపిరి ఊది
ఆ వాక్యం కొట్టేశాను.

తర్వాత చెయ్యి ఆగలేదు.

ఇరవై రెండో పేజీ: ధ్రువుడు అన్నిటికన్నా మెరిసే చుక్క,
తలెత్తితే నడినెత్తిన ఉంటాడు.
ఏ చలిదేశపు పుస్తకంలోంచి దిగుమతయ్యాడో.
మన ఊళ్లో ఆయన బాగా కిందికి ఉంటాడు మాస్టారూ,
చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే
రెండోది పూర్తికాక ముందే దొరుకుతాడు.
మా డాబా మీంచైతే నగలకొట్టు హోర్డింగు వెనక,
ఆ నవ్వే పెళ్లికూతురి వడ్డాణం దగ్గర ఎక్కడో.
మెరుపులోనూ నలభై చుక్కల తర్వాతే.

ఫోన్లో చెబితే ఆయన కాసేపు ఏమీ అనలేదు.
"ముప్ఫయ్యొక్కేళ్లు అట్లాగే చెప్పానమ్మా పిల్లలకి.
నాకూ అట్లాగే చెప్పారు."
వెనక కుక్కరు కూత.
"కొట్టెయ్. ఎర్రగా కొట్టెయ్."

నలభై ఒకటో పేజీ:
మబ్బులేని రాత్రి మామూలు కంటికి మూడు వేల నక్షత్రాలు.
దీన్నేం చెయ్యాలి?
కంపోజింగు మొగిలి రాత్రి షిఫ్టులో
డాబా ఎక్కి లెక్కపెట్టి దిగాడు.
"ఏడున్నయ్ మేడం మూడు వేలు?
ముప్పై నాలుగు. అండ్ల ఒకటి ఇమానం."
పుస్తకం తప్పు కాదు. మొగిలి తప్పూ కాదు.
అంచున ప్రశ్నార్థకం పెట్టాను,
ఎవర్ని అడుగుతున్నానో తెలీక
దాన్నీ కొట్టేశాను.

కృత్తికలు ఏడే, ఒక్కటీ ఎక్కువ లేదు, అంటుంది నలభై ఆరు.
"పిల్లలకోడా?" అంది ఎల్లవ్వ, చీపురు గోడకానించి.
"నాకైతె ఆరే కనవడ్తయ్.
మా అవ్వకు తొమ్మిది కనవడేటియి.
చెప్తె ఎవలూ నమ్మకపోయేటోళ్లు."
దుర్భిణిలో వందలకొద్దీ ఉన్నాయట.
నమ్మని వాళ్లందరి తరఫున
"ఏడే" కొట్టేసి
"చూసే కన్నుని బట్టి" అని రాశాను.

ఇంత చేశాక తెలిసింది,
మొదటి ఫారాలు అప్పటికే అచ్చయిపోయాయని.
ఇక మిగిలింది తప్పొప్పుల పట్టిక.
అరచేతంత చీటీ, వెయ్యి కాపీలు.
ఆఖరి వరుస ఇది:
కాంతి సంవత్సరం కాలం కాదు, దూరం.
మూడుసార్లు చదివాను. నేనే చదివాను.
అచ్చయి వచ్చింది:
శాంతి సంవత్సరం కాలం కాదు, దూరం.

మొగిలి నాలిక కరుచుకున్నాడు.
ఎల్లవ్వ ఏందది అంటే చదివి వినిపించాను.
"నిజమే గదా," అంది, "ఏం తప్పున్నది?"

వెయ్యి చీటీలు.
ఒక్కో "శా" మీద ఒక్కో "కా", నీలంపెన్నుతో.
రెండువందల చిల్లర దాకా వచ్చేసరికి కరెంటు పోయింది.
చిక్కడపల్లి మొత్తం పోయింది,
హోర్డింగు మీది పెళ్లికూతురితో సహా.
పెన్నుకి మూత పెట్టానో లేదో గుర్తులేదు.
మెట్ల మీద చేత్తో తడుముకుంటూ నేను,
పైన మొగిలి, గొంతెత్తి,
"యాభై ఒకటి, యాభై రెండు...
ఆగుండ్రి, ఆగుండ్రి,
మళ్ల మొదటిసంది."